ఆయతు పెట్టిన పుట్టమన్ను

మరైగూడ ఆయతు ఇప్పసారా వండుతున్నాడంటే పక్క ఊళ్ళ పెళ్ళివాళ్ళు పది రోజుల ముందే వచ్చి చెప్పి పోయేవారు. ఆ అడవిలో సారా వండని ఇల్లెక్కడుంది, ఇందులో గొప్పేముంది అనుకోవచ్చు. వండటం వేరు, కుండ దగ్గర కూర్చోవడం వేరు. ఆయతు పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు. పైకుండ ఎంత వేడెక్కిందో చేతి వెనకవైపు తాకించి చూసేవాడు. చల్లనీళ్ళు ఎప్పుడు మార్చాలో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. కుండమూతుల మధ్య ఎక్కడైనా బుస్సుమని ఆవిరి తప్పించుకుంటే, తల తిప్పకుండానే చెయ్యి చాపి తడి పుట్టమన్ను ముద్ద అక్కడ మెత్తేవాడు. మనిషి మాత్రం నోట్లో నాలుక లేనివాడు. మాటలన్నీ పెళ్ళాం మాసేకి వదిలేశాడు. ఆమె అతని మేనమామ కూతురే. చిన్న మనిషి, ఇద్దరి వంతు మాటలూ ఆమే మాట్లాడేది.

బస్తరు అప్పటికింకా రాజ్యమే. పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. తంతి తీగలకు స్తంభాలు కావాలని ఎక్కడినుంచో అడిగితే, శబరి ఒడ్డున కుంట ఊరి బయట ఒక కాంట్రాక్టరు డిపో తెరిచాడు. చెదలు పట్టే మెత్తకర్రకు వేడి తారునూనె పట్టించి, చెదలు ముట్టకుండా చేసి, పడవల్లో దిగువకు పంపడం అక్కడి పని. దానికొక పొడుగాటి ఇనుప పీపా, పక్కన గాలి లాగే పంపు, గోడ అవతల ఆవిరి ఇంజను. వీటిని బిగించడానికి రాజమండ్రి నుంచి భూషణం మేస్త్రీ వచ్చాడు.

భూషణం కర్ర చూడ్డానికి మరైగూడ వెళ్ళిన రోజు ఆయతు కుండ పొయ్యి మీదుంది. మేస్త్రీ తాగింది రెండు దొప్పలే, చూసింది మాత్రం గంటసేపు. పొయ్యి మీద నుంచి కుండ దించి మూత తీసేటప్పుడు ఆయతు మొహం పక్కకు తిప్పుకుని, గాలి ఎటు వీస్తుందో చూసి, అప్పుడు తీశాడు. అది చూశాక ఇంక మేస్త్రీ ఆగలేదు.

"ఆయతూ, నాతో కుంట వస్తావా? నా దగ్గరా ఒక కుండ ఉంది" అన్నాడు.

"ఎంత కుండ?"

"పది జతల ఎడ్లు పట్టేంత."

"గంత కుండల ఏం వండుతవ్?" ఆయతు తెలుగులో 'మీరు' అనే మాట లేదు. రాజైనా మేస్త్రీ అయినా అతనికి నువ్వే.

"కర్రలు."

మాసే పడీ పడీ నవ్వింది. "పోదాం పా బావా. కట్టెసారా తాగేటోళ్ళ మొహం ఎట్లుంటదో చూసొద్దాం" అంది. అలా మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కుంట చేరారు.

పంపు పని ఆయతుకు నేర్పడానికి భూషణానికి వారం కూడా పట్టలేదు. కర్రలో గాలి నిండి ఉంటుంది, అది ఉన్నంతసేపు నూనె లోపలికి పోదు. అందుకని కర్రల బండిని పీపాలోకి తోసి, తలుపు మరలతో బిగించి, పంపుతో లోపలి గాలి లాగేస్తారు. అప్పుడు వేడి నూనె వదిలితే కర్ర దాహంతో ఉన్నట్టు తాగుతుంది. తాగినంత తాగాక మిగిలిన నూనె తోడేసి, మళ్ళీ పంపు తిప్పి లోపలి ఆవిరంతా లాగెయ్యాలి. ఇదంతా ఆయతు ఒక్కసారి విని అర్థం చేసుకున్నాడు. పంపు ఒంటి చుట్టూ చల్లనీళ్ళు పారుతుంటాయి. ఆ నీళ్ళు ఎప్పుడు గోరువెచ్చన దాటాయో చేతి వెనకవైపు చెబుతుంది. అది అతనికి పుట్టినప్పటినుంచీ తెలిసిన విద్య.

భూషణం గట్టిగా చెప్పింది ఆవిరి గురించే.

"ఈ పంపు మింగిందంతా కక్కుతుంది. మింగేది మంచిగాలి కాదు, తారునూనె ఆవిరి. కొంచెం పీలిస్తే తల తిరుగుతుంది. ఎక్కువైతే మనిషి నిలువునా పడిపోతాడు, మళ్ళీ లేవడు. అందుకే కక్కే గొట్టాన్ని గోడలోంచి బయటికి తీసి కప్పు పైదాకా లేపాను. ఈ షెడ్డుకు రెండు వైపులా తలుపులు తెరిచే ఉండాలి, వానొచ్చినా సరే. చుట్ట నిప్పు గడప దాటకూడదు."

ఆ రోజు నుంచి ఆయతు చుట్ట బయట చెట్టు కొమ్మల సందులో ఉండేది.

పంపు మీద గాజు బిళ్ళలో ఒక ముల్లు ఉండేది. ఆయతుకు అంకెలు రావు కాబట్టి భూషణం ఆ గాజు మీద ఒక ఎర్రగీత గీశాడు. చివరిసారి లాగినప్పుడు ముల్లు ఆ గీత తాకాలి. తాకాక చిన్న మర తిప్పి కొత్తగాలి మెల్లగా లోపలికి వదలాలి, మళ్ళీ లాగాలి, మళ్ళీ వదలాలి. ఆ తర్వాత వెనక తూము తెరిచి, ముందు తలుపు తీసి, పీపా మీద అరచెయ్యి ఆనించగలిగేదాకా చల్లారనివ్వాలి. అప్పుడే మనిషి లోపలికి పోవాలి. ఎవరో ఒకరు పోక తప్పదు. కర్రల బండికి గొలుసు కొక్కెం తగిలించాలి, జారిపడ్డ కర్రలు సర్దాలి. పీపాలో వంగి నడవాలి కాబట్టి పొట్టివాళ్ళు కావాలి. ఆ పని మాసేకీ, ఆమె స్నేహితురాలు నందేకీ వచ్చింది.

అయిదు నెలలు ఏ గొడవా లేకుండా నడిచింది. తర్వాత భూషణానికి చలిజ్వరం పట్టుకుని, పడవలో పడుకోబెట్టి రాజమండ్రి పంపించారు. డిపో, లెక్కలు రాసే మున్షీ చేతిలోకి వచ్చింది. ఈ మున్షీ రాయపూరువాడు. కర్ర గురించీ పంపు గురించీ అతనికి తెలిసినదంతా జల్దీ అనే ఒక్క మాటలో ఇమిడిపోతుంది. చెడ్డవాడని నేననను. పైవాళ్ళ కేకలు విని విని, కింద ఉన్నవాళ్ళ మీద కేకలెయ్యడం ఒక్కటే నేర్చుకున్న మనిషి.

మేస్త్రీ వెళ్ళిన నాలుగో రోజు, పీపా నుంచి పంపుకు వచ్చే గొట్టం అతుకు దగ్గర సన్నగా బుస్సుమని వినిపించింది. ఆయతు చెవులు ఆ శబ్దానికి పుట్టిన చెవులు. అతుకు మధ్య తోలు ఎండి చీలింది. తోలు మార్చాలంటే మేస్త్రీ కావాలి. ఆయతు ఆలోచించనైనా లేదు. బయటికి పోయి పుట్టమన్ను తెచ్చి, నీళ్ళు పోసి పిసికి, బొటనవేలితో అతుకు చుట్టూ మెత్తాడు. బుస్సు ఆగిపోయింది. ముల్లు ఎర్రగీత దాకా చక్కగా పోయింది. ఆ మధ్యాహ్నం చుట్ట కాలుస్తూ తన పనికి తనే మురిసిపోయాడు. చెదలను తప్పించడానికి ఇంత తతంగం పెట్టుకున్న డిపోలో, చివరికి చెదల మన్నే అక్కరకొచ్చిందని మాసేకి చెప్పి నవ్వించాలనుకున్నాడు, పనిలో పడి మరిచిపోయాడు.

అక్కడే పప్పులో కాలేశాడు. సారాకుండ ఆవిరిని బయటికి తోస్తుంది, మన్ను బయటినుంచి దాన్ని ఆపుతుంది. ఈ పంపు బయటిదాన్ని లోపలికి గుంజుతుంది. అతుకు వేడికి మన్ను ఎండింది, పగిలింది, పిసరు పిసరుగా లోపలికి పోయింది. పంపు ఆ మన్ను తింటూ తిరిగింది. రెండు రోజులకు పంపు చుట్టూ నీళ్ళు మాటిమాటికీ కాగసాగాయి. మూడో రోజు ముల్లు ఎర్రగీతకు వేలెడు ఇవతలే ఆగిపోయింది.

"ఇయ్యాల ఆగుదం. ముల్లు పోతలేదు" అన్నాడు ఆయతు మున్షీతో.

"అరే, వేలెడంత దూరానికి ఏంది నీ నఖరా? ఒడ్డున పడవలు ఆగి ఉన్నయ్. తలుపు తియ్, జల్దీ."

ఆయతు ఇంకోమాట అనాల్సింది. అనలేదు. పెద్ద గొంతు ముందు మాట మింగడం అతనికి అలవాటు. తలుపు తీశాడు. పీపా మీద చెయ్యి పెట్టి చూసేలోపే మున్షీ మాసేను కేకేశాడు, ఆమె గొలుసు పట్టుకుని వంగి లోపలికి పోయింది. ముందు గొలుసు చప్పుడు వినిపించింది. తర్వాత ఏదో మెత్తగా పడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

నందే పరుగెత్తుకొచ్చి లోపల దూరబోయింది. ఆయతు ఆమె జబ్బ పట్టుకుని వెనక్కి నెట్టాడు. ఆమె కూడా పడితే ఇద్దరవుతారని అతనికి ఆ క్షణంలోనూ తెలుసు. బయటి గాలి గుండెల నిండా పీల్చి, నోరు మూసుకుని, లోపలికి పోయాడు. మాసే కాలు చేతికి దొరికింది. లాగాడు. కర్రల మధ్య ఇరుక్కుంది. ఊపిరి చాల్లేదు. బయటికొచ్చి మళ్ళీ పీల్చుకుని మళ్ళీ పోయాడు. రెండోసారి ఆమెను ఈడ్చుకొచ్చి, షెడ్డు బయట గాలికి పడుకోబెట్టాడు. ఆమె మొహం బూడిద రంగులో ఉంది. అరచేతులు, మోకాళ్ళు వేడి ఇనుముకు ఆని కాలి బొబ్బలెక్కాయి. పెద్ద మద్దిచెట్టు నీడ ఇటు నుంచి అటు జరిగేంతసేపు అలాగే ఉంది. చివరికి దగ్గింది, కక్కుకుంది, కళ్ళు తెరిచింది. ఆయతు మట్టిలో కూలబడి ఏడ్చాడు.

మాసే బతికింది. గొంతు మాత్రం బొంగురుపోయింది.

ఆ సాయంత్రమే ఆయతు ఒక్కడూ పంపు దగ్గరికి పోయి, అతుకు విప్పి, గొట్టం మూతిలో వేలు పెట్టి చూశాడు. వేలికి ఎర్రమన్ను అంటింది. తన చేత్తో తనే చేశాడు. మెత్తిన మన్నులో సగం లోపలికి పోయింది, మిగిలిన పెంకులు ఊడి చేతిలోకొచ్చాయి. వాటిని మొలగుడ్డలో కట్టుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు పెళ్ళాం పక్కనే కూర్చుని కూడా చెప్పలేదు. నోరు తెరిచేవాడు, ఆమె అరచేతులు చూసేవాడు, మూసేసేవాడు.

డిపోలో అందరూ పీపాలో ఏదో పట్టిందన్నారు. అడవి కర్రలు కొట్టి తెచ్చి ఇనుపకడుపులో ఉడకబెడితే అడవి దేవర ఊరుకుంటుందా అన్నారు. ఈ మాట మున్షీకి మహా నచ్చింది. దేవరదే తప్పయితే ఒక కోడితో అయిపోతుంది. ఊరి పూజలు చూసే వడ్డె హుంగాను పిలిపించాడు, కోడిని తెప్పించాడు. మూడో రోజు పొద్దున పూజ, పూజ అవగానే పని, మాసే బదులు నందే లోపలికి.

ఆయతుకు తెలుసు, కోడి కోసినా పంపులోని మన్ను బయటికి రాదు. తను నోరు మూసుకుంటే ఇవాళ నందే పోతుంది. నోరు తెరిస్తే, మాసేకు ఈ గతి పట్టించింది ఎవరో ఆమెకే తెలిసిపోతుంది. ఇరవై ఏళ్ళ కాపురంలో అతను భయపడ్డ రోజంటూ ఉంటే అది ఆ రోజే.

పీపా తలుపు ముందు పసుపు, బియ్యం పోశారు. కూలీలంతా చుట్టూ నిలబడ్డారు. మాసే చేతులకు ఆకుపసరు కట్టుకుని చెట్టుకింద కూర్చుని ఉంది. నందే చీర ఎగ్గట్టి సిద్ధంగా ఉంది. హుంగా కోడిని ఎత్తి పట్టుకున్నాడు.

"ఆగు మామా" అన్నాడు ఆయతు. "దేవర తప్పేం లేదు. తప్పు నాది."

మొలగుడ్డ విప్పి ఎండిన పెంకులు అరచేతిలో పోసి అందరికీ చూపించాడు. "గొట్టం బుస్సుమంటే సారాకుండకు పెట్టినట్టు పుట్టమన్ను పెట్టిన. పంపు దాన్ని మింగింది. ఇప్పుడు అది సక్కగ గుంజుతలేదు. లోపల ఆవిరి లోపలనే ఉంటది. నందే పోతే మాసే లెక్కనే పడ్తది. మాసే బతికింది. నందే బతుకుతదో లేదో నాకు తెల్వదు."

అతను ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడటం ఎవరూ వినలేదు. మున్షీకి ఒళ్ళు మండింది. "పంపు తిరుగుతున్నది కదా! పెళ్ళాన్ని చంపబోయినోడి మాట వింటరా మీరు? నందే, చలో" అని అరిచాడు.

ఆయతు పోయి పీపా తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. నందే అటూ ఇటూ చూసి, చివరికి మాసే వైపు చూసింది. అందరూ మాసే వైపే చూశారు.

మాసే మెల్లగా లేచి వచ్చింది. మొగుడి మొహం చూడలేదు. అతని చేతిలోని పెంకుల్లో పెద్దదాన్ని వంగి చూసింది. దాని మీద బొటనవేలి ముద్ర అలాగే ఉంది. సారాకుండ మూతుల మీద ఆ ముద్రను ఆమె ఇరవై ఏళ్ళుగా చూస్తోంది.

"నందే, పోకు" అంది బొంగురు గొంతుతో. "ఆయన చెప్పింది నిజం. ఎవ్వరూ లోపలికి పోకుండ్రి."

ఆడవాళ్ళంతా పోయి చెట్టుకింద కూర్చున్నారు. ఆడవాళ్ళు కూర్చుంటే మగవాళ్ళు ఏం చేస్తారు, వాళ్ళూ కూర్చున్నారు. మున్షీ ఒక్కడూ కాసేపు కేకలేసి ఊరుకున్నాడు. కోడిని హుంగా చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. దాని సంగతి తర్వాత ఏమైందో నాకు తెలియదు.

మాసే ఆ రోజు నుంచి మొగుడితో మాట్లాడటం మానేసింది. చేతులు కాలి ఉన్నాయి కాబట్టి అతనే జావ కాచి, దొప్పతో నోటికి అందించేవాడు. తాగేది. తల దువ్వేవాడు. కూర్చునేది. ఆమె మాటలతో నిండి ఉండే గుడిసెలో ఒక్క మాట లేకపోతే ఎలా ఉంటుందో ఆయతుకు అప్పుడు తెలిసింది. తిట్టినా బాగుండునని నందేతో అన్నాడు.

భూషణం పని ఆగిన పదకొండో రోజున వచ్చాడు, జ్వరంతో సగమైపోయి. పంపు విప్పి గీతలు పడ్డ లోపలి ఇనుము చూసి తల పట్టుకున్నాడు. ఆయతు పక్కన నిలబడి తిట్లకోసం ఎదురుచూశాడు. మేస్త్రీ తిట్టలేదు. పంపు మళ్ళీ బిగించాక, పక్కనున్న మంచి గొట్టం దగ్గరికి అతన్ని తీసుకెళ్ళి, కొంచెం మర వదులు చేసి, పంపు తిప్పించి, చిన్న తునికాకు ముక్క ఆ సందు దగ్గర పట్టాడు. ఆకు ఠక్కున అతుక్కుపోయింది.

"చూశావా, లోపలికి గుంజుతుంది. ఇది నీకు చూపించకుండా పోయాను. ఎలా చెయ్యాలో చెప్పాను గానీ ఎందుకో చెప్పలేదు. నీ తప్పులో సగం నాది."

"సగం నీదైతే మాసేకు చెప్పు" అన్నాడు ఆయతు.

"అది మాత్రం నావల్ల కాదయ్యా."

కొత్త ఇనుము రాజమండ్రి నుంచి రావడానికి నెల పట్టింది. ఆ డిపో తర్వాత ఇంకో రెండేళ్ళు నడిచింది. యుద్ధం ముగిశాక కాంట్రాక్టరు పీపాను ముక్కలు కోయించి పట్టుకుపోయాడు, ఇంకొన్నాళ్ళకు రాజ్యమే పోయింది. ఆయతు మరైగూడ తిరిగొచ్చి సారాకుండ ముందు కూర్చుని ముసలివాడై పోయాడు. అతను పంపు దగ్గరున్నన్నాళ్ళూ ఆ పీపాలోంచి మళ్ళీ ఒక మనిషిని మోసుకురావలసిన అవసరం రాలేదు. అలా రాకపోవడం వెనక, పంపు బాగుచేసి మళ్ళీ పని మొదలుపెట్టిన రోజున అతను పెట్టిన పద్ధతి ఒకటుంది.

ఆ రోజు ముల్లు ఎర్రగీత దాటి నిలబడింది. ఆయతు మూడుసార్లు ఆవిరి లాగాడు, మూడుసార్లు కొత్తగాలి వదిలాడు. తూము తెరిచాడు. తలుపు తీసి, పక్కకు జరిగి, పొద్దు నడినెత్తి నుంచి చాలా దూరం వాలేదాకా ఆగాడు. మున్షీ ఏదో అనబోతే ఆడవాళ్ళంతా అతని వైపు తిరిగి చూశారు. మున్షీ ఆగాడు. ఆయతు పీపా మీద అరచెయ్యి ఆనించి, తీయకుండా చాలాసేపు ఉంచాడు. చల్లగా ఉంది.

లోపలికి ఎవరు పోవాలన్నప్పుడు ఒక్కరూ ముందుకు రాలేదు. మాసే లేచింది. అరచేతులకు కొత్తచర్మం గులాబీ రంగులో మెరుస్తోంది.

ఆయతు తాడు తెచ్చి ఆమె నడుముకు తనే కట్టాడు. "లోపల ఉన్నంతసేపు మాట్లాడుతనే ఉండాలె" అన్నాడు. "మాట ఆగితే నేను గుంజుత."

"ఏం మాట్లాడాలెనో అడుగు" అంది మాసే, నందేతో.

"ఏదన్న" అన్నాడు ఆయతు.

ఆమె గొలుసు పట్టుకుని వంగి లోపలికి పోయింది. ఒక అడుగు, రెండడుగులు. ఆయతు తాడు రెండు చేతులకూ చుట్టుకుని తల పీపా అంచుకు ఆనించాడు. లోపల్నుంచి బొంగురు గొంతు ఇనుములో మారుమోగుతూ మొదలైంది.

"మన్ను బుర్రోడా. పంపును సారాకుండ అనుకున్నవా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ముల్లు పోతలేదని తెలిసి కూడ తలుపెందుకు తీసినవ్? మున్షీ అరిస్తే నీ నోరేడ పెట్టుకున్నవ్? మన్ను పెడ్తే పెట్టినవ్, దానికి కాదు నా కోపం. రెండు రోజులు నా పక్కన కూసున్నవ్. నా చేతులకు పసరు కట్టినవ్. ఒక్క మాట చెప్పలే. ఊరందరితోపాటు నేను గూడ నిలబడి వినాలెనా? అందరికన్న ముందుగాల నాకు చెప్పద్దా? నేనెవరు నీకు?"

బయట అందరికీ వినిపిస్తోంది. ఎవరూ నవ్వలేదు. ఆయతు కళ్ళనుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. తిట్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. తండ్రి దగ్గర మొదలుపెట్టి, అతని బద్ధకం, అతని మౌనం, నలభై రోజుల జావలో ఉప్పు తక్కువ కావడం దాకా వచ్చాయి.

ఆపైన ఆగిపోయాయి.

ఆయతు ఒక్క గుక్కెడు ఊపిరి కూడా ఆగలేదు. కాళ్ళు నేలకు తన్ని పెట్టి ఉన్నబలమంతా పెట్టి తాడు గుంజాడు. మాసే నూనె జిడ్డు మీద జారుకుంటూ బయటికొచ్చి అతని మీద పడింది, ఇద్దరూ కలిసి మట్టిలో దొర్లారు. అతను ఆమె మొహం రెండు చేతుల్లో పట్టుకుని నోటి దగ్గర చెంప పెట్టి చూశాడు. ఊపిరి వెచ్చగా తగిలింది.

"ఏమైంది? ఎందుకు ఆపినవ్?"

"తిట్లు అయిపోయినయ్ బావా" అంది మాసే.

కొక్కెం ఇంకా తగిలించలేదు. ఆమె లేచి చీర దులుపుకుని, తాడు ముడి సరిచూసుకుని, రాత్రికి ఏ కూర వండాలో మాట్లాడుతూ మళ్ళీ లోపలికి పోయింది.